3 ఏళ్లు, 11 వేల కిలోమీటర్లు: బ్రూక్స్ బి17 తోలు సీటు నాకు అలవాటైన తీరు

నా సైకిల్ సీటు మీద రెండు గుంటలున్నాయి. చూడగానే కనబడవు. వెనక భాగం మీద అరచెయ్యి పెట్టి మెల్లగా తడిమితే ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి తగులుతాయి. ఎడమది కాస్త లోతు. 2022 జూన్‌లో బిగించుకున్నప్పుడు ఈ సీటు పీటలా గట్టిగా ఉండేది, వేలితో కొడితే టకటకమని మోగేది. అప్పటినుంచి దీని మీద సుమారు 11 వేల కిలోమీటర్లు తిరిగాను. ఎక్కువగా విశాఖ బీచ్ రోడ్డు మీద, ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా వెళ్లి రావడం. ఏడాదికి రెండు మూడుసార్లు అరకు ఘాట్. మిగతాదంతా ఆఫీసుకు.

సీటు బాగుందా అని మాత్రమే అడిగితే బాగుంది అని చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ సంగతి తెలియడానికి నాకు ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలల్లో రెండుసార్లు విప్పి పక్కన పెట్టేయబోయాను. కొత్త సీటుతో బాధపడేవాళ్లు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే: "ఇంకెన్నాళ్లు ఓర్చుకోవాలి?" ఏ నొప్పి అన్నదాన్ని బట్టి ఉంటుంది జవాబు. ఓర్చుకుంటే పోయే నొప్పి ఒకటుంది. ఒక్కరోజు కూడా ఓర్చుకోకూడనిది ఇంకొకటుంది. ఈ తేడా మొదట్లో నాకు తెలియలేదు, దానివల్ల ఇబ్బంది పడ్డాను. ఇంత వివరంగా రాయడం అందుకే.

నేను సైకిల్ కొన్నది 2020 చివర్లో, 42 ఏళ్ల వయసులో. బ్యాంకు ఉద్యోగం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుర్చీలోనే. షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టరు చెబితే ఒక హైబ్రిడ్ సైకిల్ తీసుకున్నాను. దానితో వచ్చిన సీటు మెత్తగానే ఉండేది. షాపులో వేలితో నొక్కి చూసి సంతోషపడ్డాను కూడా. కానీ రుషికొండ దాటేసరికి పిరుదులు మండేవి, తిరుగు ప్రయాణంలో మంట మధ్య భాగానికి పాకేది. జెల్ కవర్ తొడిగాను. మొదటి వారం హాయిగా ఉంది, రెండో వారం నుంచి అది పక్కకు జరగడం, చెమటకు తడిసి ఒరుసుకోవడం మొదలైంది. తర్వాత ఇంకా మెత్తటిది, ఇంకా వెడల్పుది, కింద స్ప్రింగులున్నది కొన్నాను. అడుగున సోఫా ఉన్నట్టుండేది. కాకపోతే తొక్కే ప్రతిసారీ తొడల లోపలి వైపు దానికి రాసుకుని, పది కిలోమీటర్లకే చర్మం ఎర్రబడేది.

మెత్తదనం ఎందుకు పనిచేయలేదో తర్వాత అర్థమైంది. సైకిల్ మీద మన బరువును మోయాల్సింది పిరుదుల కింద ఉండే రెండు ఎముకలు. గట్టి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే కింద గుచ్చుకునేవి అవే. వాటికి బరువు మోసే శక్తి ఉంది. ఆ రెండిటి మధ్య ఉండే మెత్తటి భాగానికి లేదు, అక్కడినుంచి నరాలు, రక్తనాళాలు పోతాయి. మరీ మెత్తటి సీటు మీద ఎముకలు లోపలికి దిగబడిపోతాయి, లోపలి ఫోమ్ మధ్యలో పైకి ఉబికి సరిగ్గా ఆ మెత్తటి భాగాన్నే నొక్కుతుంది. అరగంట ప్రయాణానికి తెలియదు. రెండు గంటలు కూర్చుంటే తెలుస్తుంది.

తోలు సీటు ఆలోచన నాన్న సైకిల్ నుంచి వచ్చింది. మా ఇంట్లో ఉన్న పాత నల్ల సైకిల్‌కు స్ప్రింగుల తోలు సీటు ఉండేది. నాన్న దాని మీదే రోజూ స్కూలుకు పాఠాలు చెప్పడానికి వెళ్లొచ్చేవాడు. పంచె కట్టుకుని, ప్యాడ్ ఉన్న నిక్కరు లేకుండా. ఒక్కరోజు కూడా సీటు గురించి ఆయన నోట మాట వినలేదు. ఆ సీటు కూడా గట్టిదే, ఎండకు మెరుస్తూ, మధ్యలో కాస్త కిందికి వంగి ఉండేది.

బ్రూక్స్ పాత కంపెనీ. జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్ అనే ఆయన 1866లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో తోలు వస్తువుల వ్యాపారం మొదలుపెట్టాడు. గుర్రం చనిపోతే సైకిల్ అరువు తెచ్చుకుని తొక్కాడనీ, దాని సీటు బాధ భరించలేక తానే ఒకటి తయారుచేశాడనీ కంపెనీ చెప్పుకుంటుంది. బర్మింగ్‌హామ్ పక్కనే ఉన్న స్మెథిక్‌లో ఇప్పటికీ తోలు సీట్లు చేస్తున్నారు. బి17 అందులో వందేళ్లు దాటిన మోడల్. దూర ప్రయాణాలు చేసేవాళ్లలో దీనికి పేరుంది. మా బావమరిది లండన్ నుంచి సెలవులకు వస్తూ తెచ్చి ఇచ్చాడు.

తెప్పించుకునే ముందు చేసిన ఒక పని మాత్రం సరైనది, ఎముకల దూరం కొలుచుకోవడం. దీనికి ఖర్చేమీ లేదు. టీవీ డబ్బానో ఫ్యాను డబ్బానో చించితే లోపల ముడతలుండే అట్ట వస్తుంది. దాన్ని గట్టి బల్ల మీద పరిచి, పల్చటి నిక్కరుతో కూర్చుని, కొద్దిగా ముందుకు వంగి, రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని ఒళ్లు కిందికి లాక్కోవాలి. లేచి చూస్తే అట్ట మీద రెండు చోట్ల నొక్కుకుపోయి ఉంటుంది. సుద్దముక్క అడ్డంగా పెట్టి రాస్తే గుంటలు తెల్లగా తేలకుండా మిగిలిపోతాయి. వాటి మధ్య బిందువుల దూరం కొలవాలి. నాకు 12 సెంటీమీటర్లు వచ్చింది. దానికి రెండు మూడు సెంటీమీటర్లు కలిపితే సీటు వెడల్పు ఎంత కావాలో ఒక అంచనా వస్తుంది. నిటారుగా కూర్చుని తొక్కేవాళ్లకు ఇంకాస్త ఎక్కువ, బాగా ముందుకు వంగి తొక్కేవాళ్లకు తక్కువ. బి17 వెడల్పు 17 సెంటీమీటర్ల పైనే ఉంటుంది. తోలు సీట్లకు వెనక అంచున లోహపు చట్రం ఉంటుంది కదా, ఎముక దాని మీద పడకూడదు. అందుకే లోపలి తోలు భాగం ఎంత ఉందో చూసుకోవాలి. నా 12కు అది సరిపోయింది. మనిషి లావుగా ఉంటే ఎముకల దూరం ఎక్కువని, సన్నగా ఉంటే తక్కువని అనుకుంటారు. అలా ఏమీ లేదు. మా ఆఫీసులో నాకంటే 20 కిలోలు తక్కువున్న కుర్రాడికి 13న్నర వచ్చింది.

మొదటి రోజు లాసన్స్ బే దాకా వెళ్లి తిరిగొచ్చాను. రాయి మీద కూర్చున్నట్టే ఉంది. మూడో రోజుకు ఎముకలున్న చోట కమిలినట్టు నొప్పి. కుర్చీలో కూర్చున్నా తెలిసేది. అమ్మ చూసి, "కొత్త చెప్పులు కరవట్లేదూ? ఆముదం రాయి, అణిగిపోతుంది" అంది. ఆ పోలిక సరిగ్గా అతికింది. కొత్త తోలు చెప్పు మడమ దగ్గర కరుస్తుంది, నాలుగు రోజులకు పాదం ఆకారం తెచ్చుకుంటుంది. తోలు సీటు కూడా అంతే. ముందు ముక్కుకూ వెనక చట్రానికీ మధ్య తోలును బిగించి ఉయ్యాలలా వేలాడదీస్తారు, కింద దూదీ ఫోమూ ఏమీ ఉండవు. బరువు పడే చోట తోలు మెల్లగా సాగి మన ఆకారానికి దిగుతుంది.

ఆముదం మాత్రం రాయలేదు. చెప్పుకు ఆముదం పట్టిస్తే మెత్తబడుతుంది, నష్టం లేదు, కింద అట్ట ఆసరా ఉంటుంది. సీటు తోలుకు కింద ఏ ఆసరా లేదు. నూనె ఎక్కువ తాగిన తోలు సాగిపోయి మంచం నవారులా జారిపోతుంది. ఈ సీట్ల కోసమే ప్రూఫైడ్ అనే మైనంలాంటి పూత ఒకటి అమ్ముతారు. అది కొద్దిగా రాసి, ఒక రాత్రి ఉంచి, పొడి గుడ్డతో తుడిచేశాను. మొదటి రెండు నెలల్లో నాలుగుసార్లు రాసి ఉంటాను. ఆ తర్వాత ఏడాదికి రెండుసార్లు చాలు.

ఎముకల మీది ఆ కమిలిన నొప్పి ఓర్చుకోదగ్గది. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు తొక్కాను, అరగంటకు మించకుండా. మూడో వారం గంట. నాలుగో వారంలో సాగర్ నగర్ దాటి రుషికొండ దాకా. సుమారు 300 కిలోమీటర్ల దగ్గర ఆ నొప్పి పోయింది. పోయిందన్న సంగతి కూడా ఇంటికొచ్చి స్నానం చేసేటప్పుడు గుర్తొచ్చింది. తోలు పూర్తిగా నా ఆకారానికి రావడానికి ఇంకో ఐదారు వందల కిలోమీటర్లు పట్టింది. కొంత తోలు మారింది, కొంత నా ఒళ్లు గట్టిపడింది. ఏది ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

నేను దారి తప్పింది ఇక్కడే. ఎముకల నొప్పి తగ్గుతున్న రోజుల్లోనే ఇంకో ఇబ్బంది మొదలైంది. ముందు భాగం మొద్దుబారేది. గంట దాటితే స్పర్శ తగ్గేది, దిగాక తిమ్మిరి ఎక్కి నిమిషంలో సర్దుకునేది. సీటు ముక్కు పొడుస్తోందని దాన్ని కిందికి వంచాను. అప్పుడు ఒళ్లంతా ముందుకు జారడం మొదలైంది. జారకుండా ఆపడానికి చేతుల మీద బరువు వేసి మళ్లీ మళ్లీ వెనక్కి నెట్టుకునేవాణ్ణి. వారం తిరిగేసరికి మణికట్లు, మెడ పట్టేశాయి. తోలు సీట్లను ముక్కు పైకి పెట్టుకోవాలని ఎక్కడో చదివి ఈసారి బాగా పైకి లేపాను. మణికట్ల నొప్పి తగ్గింది. మొద్దుబారడం పెరిగింది. తోలు సీటు కదా, టైం పడుతుంది, ఇదీ అలవాటవుతుందిలే అనుకున్నాను. ఆ ఒక్క మాట అనుకుని రెండు నెలలు తొక్కాను.

2022 అక్టోబర్‌లో నలుగురం కలిసి అరకు బయలుదేరాం. శృంగవరపుకోటలో టిఫిన్ చేసి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాం. ఘాట్‌లో వేగం ఉండదు, లేచి నిలబడి తొక్కే ఓపికా ఉండదు, గంటల తరబడి సీటుకు అతుక్కుపోతాం. పైగా రోడ్డే పైకి లేస్తుంది కాబట్టి అప్పటికే పైకి ఉన్న సీటు ముక్కు ఇంకా లేస్తుంది. టైడా చేరేసరికి నాకు ముందు భాగంలో స్పర్శే లేదు. మూత్రానికి వెళ్తే ఏమీ తెలియలేదు. భయమేసింది. పక్కన కాఫీ తాగుతున్న మిత్రులకు చెప్పడానికి సిగ్గేసింది. చెప్పకుండా అనంతగిరి దాకా ఎక్కాను, అక్కడ ఇక కుదరదని సైకిల్‌ను జీపులో వేసుకుని వెనక్కి వచ్చేశాను. స్పర్శ పూర్తిగా తిరిగి రావడానికి మర్నాడు మధ్యాహ్నం అయింది.

డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన కాగితం మీద బొమ్మ వేసి చూపించాడు. రెండు కూర్చునే ఎముకల లోపలి వైపు నుంచి ప్యూడెండల్ అనే నరం, దానితోపాటు రక్తనాళాలు మర్మాంగాలకు వెళ్తాయి. సీటు ముక్కు అక్కడ నొక్కితే నరం అణిగి మొద్దుబారుతుంది. ఎప్పుడో ఒకసారి కాసేపు అయితే సర్దుకుంటుంది, రోజూ నొక్కుతూ పోతే నరం దెబ్బతినే ప్రమాదం ఉంది. "నొప్పి వస్తే రెస్ట్ ఇవ్వండి. తిమ్మిరి వస్తే మాత్రం అక్కడికక్కడే సైకిల్ దిగండి" అన్నాడు. మూడు వారాలు తొక్కొద్దన్నాడు, తొక్కలేదు.

మగవాళ్లం ఈ సంగతి ఎవరికీ చెప్పుకోం. మా గుంపులో నేను నోరు విప్పాక ఇంకో ఇద్దరు తమకూ ఉందని ఒప్పుకున్నారు. ఒకాయన ఏడాదిగా అలాగే తొక్కుతున్నాడు. ఎముక మీద, చర్మం మీద ఉండే నొప్పికి అలవాటు పడవచ్చు. స్పర్శ పోవడానికి అలవాటు పడకూడదు. అది కొత్త సీటు లక్షణం కాదు, ఏదో తప్పుగా బిగించి ఉందన్న గుర్తు. సీటు సర్దుకున్నాక కూడా తగ్గకపోతే, దిగిన చాలాసేపటికి కూడా స్పర్శ రాకపోతే సిగ్గుపడకుండా డాక్టరుకు చూపించుకోండి.

ఆ మూడు వారాల్లో సైకిల్‌ను వరండాలో పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచేశాను. నొప్పులకు సీటునే తిట్టుకున్నాను గానీ సగం తప్పు సీటుది కాదని అప్పుడు బయటపడింది.

మొదట ఎత్తు. మా అమ్మాయిని వెనక నిలబెట్టి ఫోన్లో వీడియో తీయించాను, సైకిల్ వెనక చక్రాన్ని స్టాండ్ మీద లేపి తొక్కుతుంటే. నడుము ఎడమకూ కుడికీ ఊగుతోంది. అంటే పెడల్ కిందికి వెళ్లిన ప్రతిసారీ కాలు అందక ఆ వైపుకు వంగుతున్నాను. అలా వంగినప్పుడల్లా మెత్తటి భాగం సీటు మధ్య గీత మీద రాసుకుంటోంది. ఎత్తు కొలవడానికి ఒక పాత లెక్క ఉంది. చెప్పులు లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య లావుపాటి పుస్తకం పైకంటా నొక్కి పట్టుకుని, నేల నుంచి పుస్తకం పై అంచు దాకా కొలవాలి. దాన్ని 0.883తో గుణిస్తే పెడళ్లు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు సుమారుగా వస్తుంది. నాది 80.5 సెంటీమీటర్లు, గుణిస్తే 71.1. నా సీటు ఉన్నది 72.5 దగ్గర! ఒకేసారి దించలేదు, వారానికి ఐదు మిల్లీమీటర్ల చొప్పున దించాను. ఈ లెక్క అందరికీ అచ్చంగా సరిపోదు, మొదలుపెట్టడానికి పనికొస్తుంది. లెక్కలు వద్దనుకునేవాళ్లు సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెట్టి కిందికి తిప్పండి. కాలు సరిగ్గా నిటారుగా వస్తే ఎత్తు దగ్గరలో ఉన్నట్టు. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి మోకాలికి కావాల్సిన వంపు వస్తుంది.

తర్వాత వంపు. తోలు సీటు పైభాగం లోతుగా ఉంటుంది కాబట్టి ఫోన్‌ను నేరుగా దాని మీద పెడితే లెక్క తప్పుతుంది. ముక్కు కొస నుంచి వెనక అంచు దాకా ఒక చదును చెక్క స్కేలు పెట్టి, దాని మీద ఫోన్ ఉంచి, మట్టం చూపించే యాప్‌తో చూశాను. నాలుగున్నర డిగ్రీలు పైకి ఉంది. దాన్ని ఒక డిగ్రీకి తెచ్చాను. నాకు కుదిరింది అదే. మీకు సున్నా కుదరొచ్చు, రెండు కుదరొచ్చు. ఒక్కో మార్పు తర్వాత కనీసం రెండు మూడు రోజులు తొక్కి, డైరీలో రాసుకుని, తర్వాతే ఇంకోటి ముట్టుకోవాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే దేనివల్ల బాగుపడిందో, దేనివల్ల చెడిందో తెలియదు.

చివరగా హ్యాండిల్. ఇది ఎవరూ అనుమానించరు. హ్యాండిల్ దూరంగా, కిందికి ఉంటే దాన్ని అందుకోవడానికి నడుము ముందుకు తిరుగుతుంది, బరువు వెనక ఎముకల మీద నుంచి ముందు మెత్తటి భాగం మీదికి వస్తుంది. సీటు ఎంత మంచిదైనా అప్పుడు ఏమీ చేయలేదు. హ్యాండిల్‌ను సైకిల్‌కు కలిపే స్టెమ్ 110 మిల్లీమీటర్లది తీసేసి 90ది వేయించాను, దాని కింద స్పేసర్లనే రింగులు రెండు చేర్చి ఎత్తించాను. నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చింది ఈ స్టెమ్ మార్పే. సీటు ఖరీదుతో పోలిస్తే దానికైన ఖర్చు ఏ మూలకూ రాదు.

నవంబర్ చివర్లో మళ్లీ మొదలుపెట్టాను. డిసెంబర్‌లో భీమిలికి వెళ్లి, ఎర్రమట్టి దిబ్బల దగ్గర కాసేపు కూర్చుని, తిరిగి ఆర్కే బీచ్ చేరాను. యాభై కిలోమీటర్ల పైన. తిమ్మిరి లేదు, మంట లేదు. ఇంటికొచ్చి సైకిల్ గోడకు ఆనించి సీటు మీద చెయ్యి వేస్తే మొదటిసారి ఆ గుంటలు తగిలాయి. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మరుసటి ఫిబ్రవరిలో అరకు దాకా ఎక్కాను, ఈసారి టైడాలో ఆగి నేనూ కాఫీ తాగాను. ఇప్పటికీ ఘాట్‌లో పది నిమిషాలకోసారి పెడళ్ల మీద లేచి ఇరవై తొక్కులు నిలబడి తొక్కుతాను, రక్తం ఆడడానికి. అది మర్చిపోకుండా ఫోన్లో అలారం పెట్టుకున్నాను.

బట్టల సంగతి. ప్యాడ్ ఉన్న నిక్కరు కింద లోదుస్తులు వేసుకోకూడదు. ఏడాది పాటు వేసుకుని తొక్కాను, వాటి కుట్లే నాకు పుండ్లు చేసేవి. విశాఖ ఉక్కపోతలో ఇది ఇంకా ముఖ్యం. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఆరింటికే ఒళ్లు తడిసి ముద్దవుతుంది. తడి చర్మం ఒరుసుకుంటే వెంట్రుక మొదట్లో సెగ్గడ్డ లేస్తుంది. ఒకసారి అలా లేచిన గడ్డతోనే రెండు రోజులు తొక్కి, వారంన్నర మంచం మీద బోర్లా పడుకున్నాను. ఇంటికి రాగానే నిక్కరు విప్పేసి స్నానం చేయడం, నిక్కరును ఆ పూటే ఉతికి ఆరేయడం, గడ్డ కనిపిస్తే అది పూర్తిగా మానేదాకా సైకిల్ ముట్టుకోకపోవడం, ఇప్పుడు నాకు నియమాలు. ఒరుపుకు కొబ్బరి నూనె రాసి చూశాను, గంటలో కారిపోయి ప్యాడ్‌కు పట్టేస్తుంది. సైకిల్ తొక్కేవాళ్ల కోసం అమ్మే క్రీములే నయం. తోలు సీటులో నాకు బాగా నచ్చింది ఇక్కడే. ప్లాస్టిక్ కవరున్న సీటులా చెమట పైన నిలవదు, కొంత తోలు పీల్చుకుంటుంది. అదే ఎండలో పాత జెల్ సీటు మీద కూర్చుంటే ఈ తేడా బాగా తెలుస్తుంది.

వాన మాత్రం దీనికి శత్రువు. మనకు ఇక్కడ జూన్ నుంచి వానలు, అక్టోబర్‌లో మళ్లీ తుఫాన్లు. సీటు కింద ఒక ప్లాస్టిక్ కవర్ ఎప్పుడూ మడిచి పెట్టుకుంటాను. సైకిల్ బయట నిలిపితే తప్పకుండా తొడుగుతాను. తొక్కుతుండగా పై నుంచి పడే వానకంటే వెనక చక్రం కింద నుంచి చిమ్మే నీళ్లు ఎక్కువ చేటు, తోలు అడుగు వైపు పూత ఉండదు కాబట్టి. వెనక మడ్‌గార్డు వేసుకోండి. తడిసిన సీటు మీద కూర్చుని తొక్కితే తోలు ఆకారం చెడిపోతుంది. తడిస్తే నీడలో గాలికి ఆరబెట్టాలి. ఎండలో పెట్టకూడదు, హెయిర్ డ్రయ్యర్ అసలే వద్దు. 2023 ఆగస్టులో వానల వల్ల మూడు వారాలు సైకిల్ బయటికి తీయలేదు. మెట్ల కింద గాలాడని చోట పెట్టాను. తీసేసరికి సీటు మీద తెల్లగా బూజు. కంగారుపడ్డాను గానీ పొడి గుడ్డతో తుడిచి, రెండు రోజులు ఫ్యాను గాలికి ఉంచి, పూత రాస్తే మామూలైంది. అప్పటినుంచి సైకిల్ హాల్లోనే ఉంటోంది. ఇంట్లో మొదట ఒప్పుకోలేదు, ఇప్పుడు అలవాటైపోయింది.

సీటు ముక్కు కింద ఒక నట్టు ఉంటుంది. తోలు సాగి వదులైనప్పుడు స్పానర్‌తో దాన్ని తిప్పితే మళ్లీ బిగుతుగా లాగుతుంది. మొదటి నెలలోనే దాన్ని తిప్పాలనిపిస్తుంది, వద్దు. సీటు మెత్తబడటమే మనకు కావాల్సింది, ముందే బిగిస్తే ఆ పనికి అడ్డం పడినట్టే. అతిగా బిగిస్తే తోలు చిరిగే ప్రమాదం కూడా ఉంది. మూడేళ్లలో నేను తిప్పింది రెండుసార్లు, ఒక్కోసారి పావు చుట్టు. ఒక దశలో కిర్రుకిర్రుమని చప్పుడొస్తే సీటుదే అనుకున్నాను. విప్పి చూస్తే సీటు పోస్టు, అంటే సీటు కింది గొట్టం, బిగించే చోట ఇసుక చేరింది. బీచ్ రోడ్డు మీద తిరిగే సైకిళ్లకు ఇది మామూలే. తుడిచి గ్రీజు రాస్తే చప్పుడు పోయింది.

బరువు అర కిలో పైచిలుకు ఉంటుంది. తేలికైన సీట్లు ఇందులో సగం కంటే తక్కువ తూగుతాయి. పందేల కోసం తొక్కేవాళ్లకు, బాగా వంగి తొక్కేవాళ్లకు ఇది పనికిరాదని నా అభిప్రాయం. వంగినకొద్దీ సన్నటి సీటు కావాలి. తోలు మీద కూర్చోవడం ఇష్టంలేని వాళ్లకు ఇదే కంపెనీ కేంబియం అనే రకం చేస్తుంది, రబ్బరు మీద నూలు గుడ్డ పరిచి. అది నేను వాడలేదు.

ఆడవాళ్లకు ఇది సరిపోతుందా అని అడుగుతుంటారు. నా అనుభవం అక్కడ పనికిరాదు కాబట్టి మా గుంపులో అందరికంటే ఎక్కువ దూరాలు తొక్కే అక్క చెప్పింది రాస్తాను. ఆవిడ నా సీటు వేసుకుని రెండుసార్లు సాగర్ నగర్ దాకా వెళ్లొచ్చింది. వెనక భాగం హాయిగా ఉందనీ, ముందు గట్టి తోలు నొక్కుతోందనీ చెప్పింది. ఆవిడకు కుదిరింది పొట్టి ముక్కు, మధ్యలో ఖాళీ ఉన్న వేరే రకం సీటు. బి17లోనే మధ్యలో కోత ఉన్న కార్వ్‌డ్ అనే రకం ఉంది, దాన్ని ఆవిడ ఇంకా చూడలేదు. "తమ్ముడూ, నీకు బాగుందని నాకు బాగుండాలని లేదు. అట్ట మీద కూర్చుని కొలుచుకోవడం మాత్రం అందరికీ చెప్పు" అంది.

ఈ మధ్య మా అమ్మాయి కూడా ఉదయాలు నాతో వస్తోంది. తన సీటు గట్టిగా ఉందని, నాది ఇవ్వమని అడిగింది. ఇవ్వలేదు. ఆదివారం ఫ్రిజ్ డబ్బా అట్ట చించి బల్ల మీద పరిచి కూర్చోబెట్టాను, పద్నాలుగు సెంటీమీటర్లు వచ్చింది. వీడియో తీస్తే తన నడుమూ ఊగుతోంది. సీటు మార్చలేదు. ఎనిమిది మిల్లీమీటర్లు దించి, పాత గుర్తు పోకుండా పోస్టుకు ఎర్ర టేపు చుట్టాను. రేపు రుషికొండ దాకా వెళ్లి చూస్తాం.